తేలినీలాపురం పక్షులు, స్పఘెట్టి చెట్లు

టెక్కలి దగ్గరి తేలినీలాపురం మీద యూట్యూబ్‌లో వీడియోలు వెతకండి. చాలావాటిలో మొదటి నిమిషంలోనే ఓ గంభీరమైన గొంతు వినిపిస్తుంది: సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన విదేశీ అతిథులు అని. అప్పుడు తెర మీద కనిపించేవేమో మచ్చల ముక్కు పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు. ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. సైబీరియా మొహం ఎరగవు. సెప్టెంబరులో వచ్చి, ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసి, వేసవికి వెళ్ళిపోతాయి. అతిథులేంటి, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లాంటివి.

ఆ వీడియోల్లో ఒక్క ఫ్రేమూ అబద్ధం కాదు. పక్షులు నిజం, చెట్లు నిజం, ఊరు నిజం. అబద్ధమంతా గొంతులోనే ఉంది.

1957 ఏప్రిల్ 1న బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమం సరిగ్గా ఇదే పని కావాలని చేసింది. స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్ళు చెట్ల నుంచి స్పఘెట్టి కోసి ఎండబెడుతున్న దృశ్యాలు, వాటి మీద రిచర్డ్ డింబుల్‌బీ వ్యాఖ్యానం. బ్రిటన్ అంతా నమ్మే గొంతు అది. ఆ చెట్టు ఎలా పెంచాలో చెప్పమని జనం బీబీసీకి ఫోన్లు చేశారు. మనిషి కనపడకుండా పైనుంచి వినిపించే ఆ గొంతు మనకు కొత్తదేం కాదు. పురాణాల్లో దాన్నే ఆకాశవాణి అన్నారు. ఆకాశవాణిని ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

మాక్యుమెంటరీ, అంటే ఉత్తుత్తి డాక్యుమెంటరీ, ఇక్కణ్ణుంచే బతుకుతుంది. దానికంటూ సొంత టెక్నిక్ ఒక్కటీ లేదు. డాక్యుమెంటరీ సామానంతా అరువు తెచ్చుకుంటుంది: వ్యాఖ్యానం, ఊగే కెమెరా, ఇంటర్వ్యూ, పాత ఫొటో. తేడా ఒక్కటే. అరువు తెచ్చుకున్నానని మాక్యుమెంటరీ మనకి తెలిసేలా చేస్తుంది. డాక్యుమెంటరీలో అదే సామాను మన కంటికి ఆనదు.

ఊగే కెమెరా సంగతి చూద్దాం. 1960 ప్రాంతంలో భుజాన మోయగలిగే 16 ఎంఎం కెమెరాలు, దానితో పాటే మాట రికార్డు చేసే టేప్ రికార్డర్లు వచ్చాయి. జనంలో పడి తీస్తే బొమ్మ ఊగింది. అది అవసరం కొద్దీ వచ్చిన ఊపు. కొన్నేళ్ళలోనే అది నిజానికి గుర్తయిపోయింది. 1965లో పీటర్ వాట్కిన్స్ ‘ది వార్ గేమ్’ తీశాడు. బ్రిటన్ మీద అణుబాంబు పడితే ఎలా ఉంటుందో న్యూస్‌రీల్ పద్ధతిలో, ఎక్కువమంది మామూలు జనాన్నే నటులుగా పెట్టి చూపించాడు. బీబీసీ దాన్ని 1985 దాకా టీవీలో వెయ్యలేదు. ఈలోపు ఆ సినిమాకి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ వచ్చింది! జరగని సంఘటన మీద తీసిన డాక్యుమెంటరీకి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు ఫోన్లలో తీసిన వీడియోల్లో కెమెరా ఊగుతుంది, ఎందుకంటే పట్టుకున్న మనిషి ఊగుతున్నాడు. ఇవాళ ఎడిటింగ్ యాప్‌లో మీట నొక్కితే అదే ఊపు వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. ఎవరు తీశారు, ఎక్కడ నిలబడి తీశారు అని అడిగితేనే తెలుస్తుంది.

గొంతు, ఊపు అయ్యాయి. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైంది కత్తిరింపు. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద వచ్చిన టీవీ కథనాలు నాలుగు చూస్తే ఐదోది మనమే తీసెయ్యగలం. డ్రోన్‌లో కొబ్బరితోటలు. మంచం మీద మనిషి. చేతిపంపు, కారుతున్న నీళ్ళు. డయాలసిస్ గొట్టంలో నెత్తురు. వెనక వేణువు. మనిషి తర్వాత పంపు, పంపు తర్వాత నెత్తురు: ఈ వరసే ఒక వాక్యం. ‘నీళ్ళ వల్లే’ అని ఎవరూ నోరు తెరిచి అనక్కర్లేదు. రష్యాలో కులెషోవ్ వందేళ్ళ కింద చూపించింది ఇదే. ఒకే మొహం పక్కన గిన్నెడు సూప్ పెడితే ఆకలి కనిపిస్తుంది, శవపేటిక పెడితే దుఃఖం కనిపిస్తుంది.

కానీ కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో జనాన్ని తింటున్న ఈ జబ్బుకి కారణమేంటో ఇప్పటికీ తేలలేదు. నీళ్ళలో సిలికా, ఎండలో చాకిరీ, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, వంశపారంపర్యం... అనుమానాల జాబితా పొడుగ్గానే ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, వాటితో పాటు రూ.700 కోట్ల తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. మంచినీళ్ళు ఏ ఊరికైనా కావాలి. కానీ పథకం వచ్చింది కాబట్టి కారణం తేలిపోయినట్టు కాదు. లాగ్ ఫైల్లో రెండు లైన్లు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకదాని వల్ల రెండోది జరిగిందనుకోకూడదు, మా సాఫ్ట్‌వేర్ పనిలో మొదట నేర్చుకునేది ఇదే. టీవీ ముందు కూర్చున్నవాడికి ఆ జాగ్రత్త ఎవరు చెప్తారు? నీళ్ళ టిన్ను కొనుక్కుంటున్నాను, నాకేం కాదులే అని ఒక రైతు క్రియాటినిన్ పరీక్ష మానేస్తే, నడుంనొప్పికి బిళ్ళలు మింగుతూనే ఉంటే, ఆ కత్తిరింపు ఖరీదు అతను కడతాడు.

మాక్యుమెంటరీ అదే కత్తిరింపుని నవ్వుకి వాడుతుంది. ‘నేను చాలా ఓపికమంతుణ్ణి’ అంటాడొకడు, మరుక్షణం ఎవరి మీదో అరుస్తుంటాడు. అక్కడ కట్ మనకి కనిపిస్తుంది, అందుకే నవ్వుతాం. 2001లో బీబీసీలో మొదలైన ‘ది ఆఫీస్’లో పాత్రలు ఇబ్బందిగా లెన్స్ వైపు ఓ చూపు చూస్తాయి, ‘నువ్వూ ఇక్కడే ఉన్నావు కదా’ అన్నట్టు. మన దగ్గర వీ6 ‘తీన్మార్’లో బిత్తిరి సత్తి చేసింది కూడా ఆ కోవలోదే. నిజం వార్తల మధ్యలో ఓ కల్పిత రిపోర్టర్ మైకు పట్టుకుని తిరుగుతుంటే, మైకు అనేది మనిషి మొహం ముందు ఎంత విచిత్రమైన వస్తువో మొదటిసారి తెలిసింది. డాక్యుమెంటరీ మాత్రం ‘కెమెరా వైపు చూడకండి’ అంటుంది. అక్కడ కెమెరా లేనట్టే మనం నమ్మాలి.

బీద ప్రాంతాలకి ఇది మరీ బరువు. 1933లో లూయీ బున్యుయెల్ స్పెయిన్‌లో లాస్ ఉర్దెస్ అనే కొండప్రాంతం మీద ‘లాండ్ వితౌట్ బ్రెడ్’ తీశాడు. అందులో ఓ మేక కొండ మీంచి జారి పడుతుంది. ఫ్రేము అంచున తుపాకీ పొగ కనిపిస్తుంది. యూనిట్ వాళ్ళే కాల్చారు. యాత్రా డాక్యుమెంటరీల మీద వెక్కిరింతగా కూడా ఆ సినిమాని చదువుతారు. వెక్కిరింత అర్థమైనవాళ్ళు పారిస్‌లో ఉన్నారు, పేరు పోయినవాళ్ళు లాస్ ఉర్దెస్‌లో ఉన్నారు. ఆ సినిమా మీద అక్కడివాళ్ళకి కోపం ఎన్నో ఏళ్ళు చల్లారలేదు. ఉద్దానం వైపు సంబంధం కలుపుకోడానికి బయటివాళ్ళు వెనకాడుతున్నారన్న వార్తలు మనమూ చదివాం. ఆ భయంలో జబ్బు వాటా ఎంతో, ఆ వేణువు వాటా ఎంతో?

కల్పన ఈ విషయంలో కాస్త నిజాయితీగా ఉంటుంది. కరుణ కుమార్ ‘పలాస 1978’ (2020) పేరులోనే ఊరినీ ఏడాదినీ పెట్టుకుంది. అయినా పాటలు, ఫైట్లు వచ్చేసరికి ఇది సినిమా అని ప్రేక్షకుడికి తెలుసు. నమ్మాల్సింది నమ్ముతాడు, మిగతాది వదిలేస్తాడు. డాక్యుమెంటరీ అతనికి ఆ వెసులుబాటు ఇవ్వదు.

మరి డాక్యుమెంటరీ ఏం చెయ్యాలి? దారి 1961లోనే ఉంది. జాన్ రూష్, ఎడ్గార్ మొరాన్ పారిస్‌లో ‘క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్’ తీసి, అందులో మాట్లాడినవాళ్ళందరికీ దాన్ని వేసి చూపించారు. కొందరు బాగుందన్నారు, కొందరు నటనన్నారు, కొందరు ఇంత బయటపడటం సిగ్గుచేటన్నారు. ఆ గొడవంతా తీసి సినిమా చివర్లో పెట్టారు.

ఉద్దానం మీద తర్వాత వచ్చే సినిమాని ముందు కవిటిలో వెయ్యాలి, వజ్రపుకొత్తూరులో వెయ్యాలి. అడిగిన ప్రశ్న కూడా తెర మీద వినపడాలి. పంపు షాట్ వచ్చినప్పుడు ‘ఆ పంపు నీళ్ళు నేనెప్పుడూ తాగలేదు బాబూ’ అని ఎవరైనా అంటే, పంపు షాట్ తీసెయ్యక్కర్లేదు. దాని పక్కన ఆ మాట ఉంచితే చాలు.