వంగెడు ఉష్ణమాపకము

పాడువా విశ్వవిద్యాలయమున వైద్యాచార్యుడైన శాంటోరియో, అవిసెన్నా గ్రంథమునకు తాను రచించి 1625లో ప్రకటించిన వ్యాఖ్యానమున, రోగి నోట నుంచుకొనవలసిన గాజుబుడ్డిని, దానినుండి మెలికలు తిరిగి నీటిపాత్రలోనికి దిగెడు సన్నని గొట్టమును చిత్రించెను. బుడ్డిలోని గాలి వేడెక్కి వ్యాకోచించిన కొలది గొట్టములోని నీరు దిగుచుండెను గాని, బయటి వాయుపీడనము మారినను ఆ నీరు కదలుట తప్పదు గనుక, ఆ కదలికలో జ్వరము పాలెంతయో, వాతావరణము పాలెంతయో నిర్ణయించుట దుష్కరము. ఉష్ణమును కొలుచుటకంటె తదితరములను కొలువకుండుటయే కష్టమను సంగతిని ఈ పరికరమే చాటుచున్నది.

1714లో ఫారన్‌హీటు నిర్మించిన పాదరసమాపకమునకు ఈ పీడనదోషము లేదు. ఆ పాదరసముతోనే లైప్జిగు వైద్యుడు వుండర్లిష్, సుమారు 25,000 మంది రోగుల దేహోష్ణములను పరిశీలించి 1868లో గ్రంథము వెలువరించెను; అయితే అతని పరికరము అడుగు పొడవుండుటచే, రోగి దానిని చంకలో నిమిషముల తరబడి అదిమిపట్టి కదలక పడియుండవలసి వచ్చెడిది. ఆంగ్ల వైద్యుడు ఆల్‌బట్ దానిని ఆఱంగుళములకు కుదించెను గాని, గాజు గాజే, అది వంగదు.

వంగెడు మార్గము విద్యుత్తునుండి వచ్చినది. వేడెక్కిన వెండి సల్ఫైడు విద్యుత్తును మరింత సులభముగా ప్రసరింపజేయునని ఫారడే 1833లో గుర్తించెను. ప్లాటినపు తీగ నిరోధముతో ఉష్ణమును కొలువవచ్చునని సీమెన్స్ 1871లో వివరించెను. 2005లో టోక్యోలో తకావో సొమెయా బృందము ప్లాస్టిక్ పొరపై ఉష్ణసంవేదకముల వలను అల్లెను. 2011లో ఇల్లినాయ్‌లో జాన్ రోజర్స్ బృందము, జిగురు లేకయే చర్మమును అంటుకొని దానితో పాటు ముడుతపడెడు పలుచని విద్యుత్పరికరమును చూపెను. 2015లో సొమెయా బృందమువారే, వేడికి ఉబ్బెడు పాలిమరులో గ్రాఫైటు పొడిని కలిపిరి. పాలిమరు ఉబ్బిన కొలది గ్రాఫైటు రేణువులు ఎడమై నిరోధము అపారముగా పెరుగును. డిగ్రీలో యాబదవ వంతును పసిగట్టెడు ఆ పొరను, శ్వాసించుచున్న ఎలుక ఊపిరితిత్తిపై పరచి చూడగా, చల్లనిగాలి ఎంత వచ్చిపోవుచున్నను అచటి ఉష్ణభేదము సుమారు 0.1 డిగ్రీయే యుండెను.

ఇంత సూక్ష్మత సాధించినను పాత చిక్కు వేరు రూపమున మిగిలియే యున్నది. చర్మముపై అతికించెడు సంవేదకములోని బంగారు తీగ నూటికొక వంతు సాగినచో దాని నిరోధము సుమారు నూటికి రెండు వంతులు పెరుగును; ఆ నిరోధమే ఉష్ణముగా లెక్కకు వచ్చును. మోచేయి ముడిచినంత మాత్రమున 5 డిగ్రీలకు మించిన జ్వరము కనబడునన్నమాట! కావుననే తీగను పామువలె వంకరలు తిప్పి అమర్చి, సాగుదలను ఆ వంకరలే భరించునట్లు చేయుదురు. చెమట, ఫ్యానుగాలి మాత్రము వంకరలకు లొంగవు. చర్మోష్ణము లోదేహపు ఉష్ణము కాదు. అందుచే జ్వరపు పట్టీలను చేసెడువారు, బయటిగాలి సోకని చంకలోనే వానిని పిల్లలకు అతికింపుమనుచున్నారు.