విశాఖలో మూడు తరాల పనులు

మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట చిత్తడినేలను త్రవ్వి విశాఖపట్నం రేవును నిర్మించారు. 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అనే నౌక అందులో ప్రవేశించింది. ఆనాటి ముఖ్యమైన ఎగుమతి మాంగనీసు ఖనిజం. 1965లో ఖనిజాన్ని ఓడలలోనికి చేర్చే యంత్రాలు వచ్చినవి. 2003లో సరకును పెట్టెలతో సహా ఎత్తి దించే కంటెయినర్ టెర్మినల్ వచ్చినది. యంత్రం వచ్చినప్పుడల్లా పెద్దలు పిల్లలకు చెప్పిన మాట ఒక్కటే: చదువుకోండి, చదువుకొన్నవాని పని యంత్రానికి చేతకాదు.

ఉక్కు కర్మాగారం చరిత్ర వేరు. 1966 నాటి ఉద్యమం తరువాత, 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971లో శంకుస్థాపన జరిగినది. 'గోదావరి' అనే మొదటి ఊదుకొలిమి 1990లో వెలిగినది. ఈ నడుమ భూములు కోల్పోయిన కుటుంబాలకు 'ఆర్ కార్డు'లు ఇచ్చారు. కార్డు ఉన్నవారందరికీ ఉద్యోగం రాలేదు. ఏండ్ల తరబడి ఎదురుచూచినవారున్నారు. ఏ మడిలో నీరు నిలుస్తుందో తెలిసిన రైతుకు కొలిమి దగ్గర ఆ తెలివి అక్కరకు రాదు గదా! అందువలన వచ్చిన ఉద్యోగాన్ని వారు పొలానికి మారుగా దక్కిన ఆస్తిగా భావించారు. కర్మాగారంలోని తన వాటా నంతటినీ అమ్మివేయాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించినప్పుడు ఆ యిండ్లలో కలిగిన కలవరం ఇందుచేతనే. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించినా ఆ కలవరం పూర్తిగా తీరలేదు.

ఇక కృత్రిమ మేధ సంగతి. రేవులోని యంత్రం మనిషి నిర్ణయించిన కదలికనే మళ్ళీ మళ్ళీ చేస్తుంది. కృత్రిమ మేధ అట్లు కాదు. దానికి లక్షల కొలది ఉదాహరణలు చూపిస్తే, వాటిలోని పోలికలను అంకెల రూపంలో పట్టుకొని, కొత్త ప్రశ్నకు జవాబును అంచనా కడుతుంది. ఉత్తరం వ్రాయడం, లెక్క చూడడం, ప్రోగ్రాము కూర్చడం దానికి అలవడినవి. అనగా చదువు చూపిన చోటికే యంత్రం వచ్చి కూర్చున్నది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో ఇందుకు సంబంధించిన భారీ కేంద్రాన్ని ప్రకటించినది కూడ.

మా తరగతిలో ఒక విద్యార్థి, "మూడేండ్ల కొక పని మారుతాను, తప్పేమిటండీ?" అన్నాడు. వాని తండ్రి ఉక్కు కార్మికుడు; తాత భూమి ఇచ్చిన రైతు. పెద్దవారిది పిరికితనమని ఒకప్పుడు నేనూ అనుకొన్నాను. ఇప్పుడు అనుకోను. పని మారడమంటే వారికి తిరిగిరాని పొలం. కుర్రవాని ధీమాలోనూ ఒక లోపమున్నది. కొత్తవాడు పని నేర్చుకొనేది చిన్నచిన్న పనులతోనే. యంత్రం ముందుగా అందుకొంటున్నవీ అవే. అట్లయితే అతడు నేర్చుకొనేది ఎక్కడ?

ఈ మాటే చెప్పాను. ఇంటికి పోయి తాతతో చెప్పాడట. "నా భూమికి కార్డైనా ఇచ్చార్రా. నీ పని పోతే ఏ కార్డిస్తారు?" అని ఆయన అడిగాడట. మరునాడు ఆ ప్రశ్నను వాడు నన్ను అడిగాడు.