బోనెక్కిన పాటలు

ఒక రచన ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు వెలుగు చూసింది అన్న రెండు తేదీల మధ్య ఎడం సాహిత్య విద్యార్థికి చిన్న విషయంగా తోచవచ్చు. చాలాసార్లు ఆ కాలపు రాజ్యస్వభావం ఆ ఎడంలోనే కనిపిస్తుంది. చెకోస్లవేకియాలోని ఒక రాక్ సంగీత బృందం పాటల రికార్డును ఇందుకు ఉదాహరణగా తీసుకుంటాను. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు రాక్ సంగీతంతో పనేమిటని అడగవచ్చు. ఆ పాటల్లో అధికభాగం ఒక కవి కవితలే. కనుక ఆ రికార్డు కథ సాహిత్య చరిత్రలో భాగమే.

1968 ఆగస్టులో వార్సా ఒడంబడిక సైన్యాలు చెకోస్లవేకియాలో ప్రవేశించాయి. మరుసటి నెలలోనే ప్రాగ్‌లో మిలాన్ హ్లావ్సా, అతని మిత్రులు కలిసి 'ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్' బృందాన్ని ఏర్పరచారు. 1970లో ప్రభుత్వం వారి వృత్తి కళాకారుల అనుమతిని రద్దుచేసింది. అనుమతి లేకపోతే వేదిక లేదు, స్టూడియో లేదు. కళాచరిత్రకారుడు ఇవాన్ యిరోస్ వారికి అండగా నిలిచాడు. చిత్రకళపై ఉపన్యాసం పేరుతోనూ, పెళ్ళివేడుక పేరుతోనూ కచేరీలు సాగాయి.

ఈ పరిస్థితుల్లోనే 1974–75లలో హౌస్కా కోటలో వారు తమ పాటలను టేపుల మీదికి ఎక్కించారు. రికార్డు పేరు 'ఎగాన్ బాండీస్ హ్యాపీ హార్ట్స్ క్లబ్ బ్యాన్డ్'. ఇది బీటిల్స్ 1967 నాటి రికార్డు పేరు మీద పరిహాసం. వాద్యబృందం అనే అర్థమిచ్చే మాట ఉండవలసిన చోట, అదే ఉచ్చారణతో నిషిద్ధం అనే అర్థమిచ్చే మాట పెట్టారు.

ఎగాన్ బాండీ మార్క్సిస్టు తత్త్వవేత్త. అయినా మార్క్సిజం పేరుతో పాలించే రాజ్యంలో అతని కవితలు టైపు ప్రతులుగానే చేతులు మారాయి. ఈ పాటల్లో నినాదాలను వెతికితే నిరాశ తప్పదు. నిత్యజీవితపు మోటు విషయాలే వస్తువు. మలబద్ధకం మీద కూడా ఒక పాట ఉంది. ఆశావాదాన్ని అధికారభాషగా మార్చుకున్న పాలకులకు ఆ మోటుదనమే ధిక్కారంగా కనిపించింది.

1976 మార్చిలో అరెస్టులు జరిగాయి. సెప్టెంబరు విచారణలో అల్లరి చేశారన్న నేరంపై యిరోస్‌కు 18 నెలలు, సాక్సఫోన్ వాద్యకారుడు బ్రాబెనెట్స్‌కు 8 నెలలు శిక్ష పడింది. ఆ విచారణ నాటకకర్త వాట్స్లావ్ హావెల్‌నూ, మరెందరినో కదిలించింది. 1977 జనవరిలో వెలువడిన 'చార్టర్ 77' ప్రకటనకు అది ముఖ్య ప్రేరణ. దొంగచాటుగా దేశం దాటిన టేపులు 1978లో పశ్చిమ ఐరోపాలో రికార్డుగా వెలువడ్డాయి. తన పాటలను దుకాణంలో కొనుక్కునే భాగ్యం పరదేశి శ్రోతకు దక్కింది. స్వదేశి శ్రోత టేపుకు టేపు నకలు తీసుకుని రహస్యంగా విన్నాడు.

సోషలిజానికీ కళకూ పొసగదనడానికి ఇదే రుజువు అనేవారున్నారు. బాండీ జీవితం వారికి సమాధానం. 1989లో ఆ పాలన కూలిన తర్వాత కూడా అతడు వామపక్షం వీడలేదు. దేశ విభజనకు నిరసనగా 1993లో బ్రాటిస్లావాకు తరలిపోయాడు. అలాగని అతణ్ణి వీరుణ్ణి చేయనక్కరలేదు. అతడు రహస్య పోలీసులకు సమాచారం అందించినట్టు తర్వాత బయటపడింది. పాటను నిషేధించిన రాజ్యం ఆ పాట రాసినవాణ్ణి కూడా లోబరచుకోగలిగిందన్నమాట.

ఇదంతా పాశ్చాత్య క్షీణసంస్కృతికి అనుకరణ, పోతే పోయిందనే వాదం మన వైపునుంచి వస్తుంది. ఈ వాదమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. పాట నచ్చకపోతే విమర్శకుడు విమర్శించాలి. ఆ పని పోలీసుకు అప్పగించిన నాడు విమర్శకుడికి పని మిగలదు. పెట్టుబడిదారీ రాజ్యం కవిని జైల్లో పెడితే గొంతెత్తే మనం, మన జెండా ఎగిరే చోట అదే జరిగితే ఎందుకు గొంతు తగ్గించాలి? అభ్యుదయ రచయితలు ఈ ప్రశ్నను దాటవేయకూడదు.