గనిలోకి దిగే దారికీ ముగింపు కావాలి

సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందులో మొదలైంది. 1975లో రామగుండం ఓపెన్‌కాస్ట్ గనితో బొగ్గు పైకొచ్చే తీరే మారిపోయింది. భూగర్భంలో టబ్బులు మోసిన బరువు డంపర్ల మీద పడింది, వాటి కోసం హాల్ రోడ్లు వచ్చాయి. నిబంధనల ప్రకారం ఆ రోడ్డు వాలు మామూలుగా 16కు 1 దాటకూడదు. అంటే 100 మీటర్ల లోతుకు దిగాలంటే 1,600 మీటర్ల దారి కావాలి. రెండు డంపర్లు ఎదురైనా తప్పుకునేంత వెడల్పు, అంచున మట్టికట్ట, పక్కన కాలువ ఉండాలి. ఇంత నేలను ఆక్రమించే నిర్మాణాన్ని వేసేనాడే దాని ముగింపునూ ఆలోచించాలి.

బొగ్గు అయిపోయాక గోతిని మట్టితో పూడిస్తే దారీ అందులోనే కలిసిపోతుంది కదా, వేరే ఖర్చెందుకని కొందరంటారు. గోతిలోని దారి విషయంలో ఆ మాట కొంత నిజమే. కానీ గోతిలోంచి తీసి బయట పోసిన మట్టిగుట్టల మీదికి ఎక్కే దారులు, గట్టు మీది రోడ్లు అలాగే మిగులుతాయి. ఏళ్ల తరబడి డంపర్లు తొక్కిన నేలలోకి నీరు ఇంకదు, వేరు దిగదు. తొలకరి వాన ఆ వాలు వెంటే పరుగెత్తి గుట్టను కోసేస్తుంది. అందుకే గట్టిపడిన పొరను లోతుగా చీల్చాలి, అడ్డకట్టలతో నీటిని మళ్లించాలి, మొదట్లో విడిగా దాచిన పైమట్టిని పరిచి మొక్కలు నాటాలి. ఊరికి పనికొచ్చే రోడ్డయితే ఉంచుకోవచ్చు, కానీ దాని మరమ్మతు ఎవరిదో ముందే తేల్చాలి. 2009 నుంచి బొగ్గు గనులకు మూసివేత ప్రణాళిక, దాని ఖర్చుకు ముందే సొమ్ము జమచేసే ఎస్క్రో ఖాతా తప్పనిసరి చేశారు. ఆ లెక్కలో ప్రతి దారికీ చోటుండాలి. నేల అప్పగించిన పల్లెలకు అది దక్కాల్సిన న్యాయం.