‘ఎమ్మా’ నవల: తొలి పాఠకుల తీర్పులు

పెళ్లిళ్ల చుట్టూ అల్లిన సరదా ప్రేమకథల్లో ఇంగ్లీషు సాహిత్యం ముందు వరుసలో నిలిపే నవల ‘ఎమ్మా’. జేన్ ఆస్టెన్ దీన్ని 1814 జనవరిలో మొదలుపెట్టి 1815 మార్చి చివర్లో ముగించింది. ఆ ఏడాది డిసెంబరులో లండన్ ప్రచురణకర్త జాన్ మర్రే దాన్ని మూడు సంపుటాలుగా వెలువరించాడు. ముఖపత్రం మీద మాత్రం 1816 అని అచ్చయింది. నవల చేతికందాక ఇంట్లోవాళ్లు, బంధువులు, ఇరుగుపొరుగువాళ్లు, పేరు మాత్రమే తెలిసిన దూరపువాళ్లు ఏమన్నారో ఆస్టెన్ తన చేతులతోనే రాసి పెట్టుకుంది. ఒక నవలను ఆ కాలపు మామూలు పాఠకులు ఎలా చదివారో చెప్పే ఆధారాలు చాలా తక్కువగా మిగులుతాయి. రచయిత్రి స్వయంగా పోగుచేసిన ఈ అభిప్రాయాల పట్టిక అందువల్లే సాహిత్య చరిత్రకు ఎంతో విలువైనది.

నవల ఒక పెళ్లి జరిగిన రోజుతో మొదలవుతుంది. హైబరీ అనే ఊళ్లో సంపన్నుడైన వుడ్‌హౌస్ కూతురు ఎమ్మా. పదహారేళ్లుగా ఆ ఇంట్లోనే ఉండి ఆమెకు చదువు చెప్పిన పంతులమ్మ మిస్ టేలర్ పొరుగున ఉన్న వెస్టన్‌ను పెళ్లాడి వెళ్లిపోతుంది. ఆ సంబంధం తానే కుదిర్చానని ఎమ్మా నమ్ముతుంది. ఆ ధీమాతో అనాథలాంటి హారియట్ స్మిత్‌ను చేరదీసి, ఊరి పాదిరి ఎల్టన్‌తో ఆమెకు ముడివేయాలని చూస్తుంది. ఎల్టన్ మనసు పెట్టుకున్నది ఎమ్మా మీదేనని తేలేసరికి ఆ పథకం తలకిందులవుతుంది. ఇలా ఒకదాని వెంట ఒకటిగా అపోహలు పెరిగి, చివరికి హారియట్, ఊళ్లోని మరో యువతి జేన్ ఫెయిర్‌ఫాక్స్, ఎమ్మా ముగ్గురికీ తగిన వరులు దొరుకుతారు. ఎమ్మా పెళ్లాడేది చిన్ననాటి నుంచి ఆమె తప్పులను మొహం మీదే చెప్పే నైట్లీని.

అప్పట్లో నవల కొనడం అందరికీ అయ్యే పని కాదు. ‘ఎమ్మా’ మూడు సంపుటాల ధర 21 షిల్లింగులు. పొలం కూలికి అది దాదాపు రెండు వారాల కూలి. అందుకే చాలామంది చందా కట్టి అద్దె గ్రంథాలయాల నుంచి తెచ్చుకునేవారు, ఊళ్లోవాళ్లు కలిసి పుస్తక సంఘాలు పెట్టుకునేవారు, లేదా కొన్నవాళ్ల దగ్గర అరువు తీసుకునేవారు. సాయంత్రాలు ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వినడం మధ్యతరగతి ఇళ్లలో అలవాటు. 1813 జనవరిలో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ప్రతి చాటన్ గ్రామంలోని ఇంటికి చేరిన రోజే ఆస్టెన్, ఆమె తల్లి దాన్ని పొరుగింటి మిస్ బెన్‌కు చదివి వినిపించారు. రాసింది ఎదుటే కూర్చున్న మనిషని ఆమెకు చెప్పలేదు. ఆస్టెన్ బతికుండగా వచ్చిన నవలల్లో ఏదీ ఆమె పేరుతో అచ్చు కాలేదు. ఇలా గుంపుగా చదివే ఇళ్లలో పుస్తకం పూర్తయ్యాక పాత్రలను పేరుపేరునా తూకం వేయడం, పాత నవలలతో పోల్చడం సహజంగా జరిగేది. ఆస్టెన్ పట్టిక ఆ సంభాషణల నుంచే పుట్టింది.

ఈ పని ఆమె ‘ఎమ్మా’తో మొదలుపెట్టలేదు. 1814లో వచ్చిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ను పత్రికలు పట్టించుకోలేదు. అచ్చులో సమీక్షలు రాని ఆ నవల గురించి తెలిసినవాళ్లు అన్న మాటలను ఆమె రాసి ఉంచింది. తరువాతి నవలకూ అదే పద్ధతి కొనసాగించింది. ‘ఎమ్మా’ వెలువడే ముందు ఆమెకు బెంగ కూడా ఉంది. నాటి రాజప్రతినిధి, తరువాత నాల్గవ జార్జిగా గద్దెనెక్కిన యువరాజు, ఆమె నవలల అభిమాని. ఆయన గ్రంథాలయాధికారి జేమ్స్ స్టానియర్ క్లార్క్ ఆమెను కార్ల్‌టన్ హౌస్‌కు ఆహ్వానించి, రాబోయే నవలను యువరాజుకు అంకితం ఇవ్వవచ్చని సూచించాడు. ‘ఎమ్మా’ అలాగే అంకితమైంది. 1815 డిసెంబరు 11న క్లార్క్‌కు రాసిన ఉత్తరంలో ఆమె తన భయాన్ని దాచుకోలేదు: ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నచ్చినవాళ్లకు ఇందులో చమత్కారం తక్కువనిపిస్తుందేమో, ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ నచ్చినవాళ్లకు వివేకం తక్కువనిపిస్తుందేమో అని. ఆ తరువాత వచ్చిన అభిప్రాయాల్లో చాలా భాగం సరిగ్గా ఈ రెండు కొలమానాల మీదే నడిచాయి.

కుటుంబంలోనే మాట కలవలేదు. నౌకాదళ అధికారి అయిన అన్న ఫ్రాన్సిస్‌కు నవల ఎంతో నచ్చింది. చమత్కారంలో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, నీతిలో ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ దీన్ని మించినా, మొదటి నుంచి చివరి దాకా ఉన్న సహజత్వం వల్ల ఆయన రెండింటికన్నా దీనికే పెద్దపీట వేశాడు. తమ్ముడు చార్లెస్ ఓడ ప్రయాణంలో దీన్ని మూడుసార్లు చదివి, తనకెంతో ఇష్టమైన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కన్నా బాగుందన్నాడు. అక్క కసాండ్రా మాత్రం దీన్ని ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’కు పైన, ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’కు కింద ఉంచింది. తల్లి తీర్పు దానికి తలకిందులు. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ కన్నా వినోదం ఎక్కువే కానీ, ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అంత ఆసక్తి కలగలేదని, అందులోని లేడీ కాథరీన్, కాలిన్స్‌లకు సాటి వచ్చే పాత్రలు ఇందులో లేవని ఆమె అంది. పెద్దన్న జేమ్స్ దంపతులకు ముందు వచ్చిన మూడు నవలల్లో దేనితోనూ ఇది సరితూగలేదు. భాష వేరుగా ఉందని, అంత సాఫీగా చదవలేకపోయామని చెప్పారు.

వీటిలో ప్రత్యేకంగా గమనించదగ్గవి మరో అన్న కూతురు ఫానీ నైట్, ఆమెకు ఒకప్పుడు చదువు చెప్పిన పంతులమ్మ ఆన్ షార్ప్ అభిప్రాయాలు. మేనత్తకు ఎంతో దగ్గరైన ఫానీ కథానాయికను అసలు భరించలేకపోయింది. నైట్లీ మాత్రం ఆమెకు ఎంతో నచ్చాడు. జేన్ ఫెయిర్‌ఫాక్స్ గురించి ఇంకొంచెం తెలిసి ఉంటే ఆమే నచ్చేదేమో అంది. ఆన్ షార్ప్‌కు ఎమ్మాలోని కొత్తదనం నచ్చింది, నైట్లీ నచ్చాడు, ఎల్టన్ భార్య పాత్రను పొగడటానికి మాటలు చాలవంది. జేన్ ఫెయిర్‌ఫాక్స్ పాత్ర దగ్గరే ఆమెకు తృప్తి కలగలేదు. నవలలో జేన్ ఆస్తిలేని చదువుకున్న పిల్ల; పెళ్లి కుదరకపోతే పరాయి ఇళ్లలో పంతులమ్మగా బతకాల్సిన దశలో ఉంటుంది. స్వయంగా ఆ కొలువు చేసిన స్త్రీకి ఆ పాత్ర లోపల ఏముందో ఇంకా చూపించి ఉండాల్సిందని అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆస్టెన్ తనకు దక్కిన కొద్ది ఉచిత ప్రతుల్లో ఒకటి ఈ స్నేహితురాలికి పంపింది. ఆ ప్రతి 2008లో వేలానికి వచ్చి 1,80,000 పౌండ్లు పలికింది.

ఇంటి బయట పాఠకుల అభ్యంతరాలు ఇంకా రకరకాలుగా ఉన్నాయి. పొరుగున ఉండే మిసెస్ డిగ్వీడ్, రచయిత్రి తెలిసిన మనిషి కాకపోతే చివరిదాకా చదవగలిగేదాన్ని కాదని చెప్పింది. మరీ సహజంగా ఉంది కాబట్టి ఆసక్తిగా లేదని ఇంకొకామె అంది.  షెరర్ అనే పాదిరికి ఆమె పాదిరి పాత్రలను చిత్రించే తీరు నచ్చలేదు. రోజులు బాగాలేనప్పుడు కాలిన్స్, ఎల్టన్ వంటి పాదిరులను చూపించడం తప్పని మరో పాఠకురాలు అభిప్రాయపడింది. ఇసబెల్లా హెర్రీస్ అనే యువతి కథానాయిక రూపంలో ఆడజాతిని బయటపెట్టారని నొచ్చుకుంది. అంతేకాక వాగుడుకాయ మిస్ బేట్స్, ఆమె తల్లి తమకు తెలిసిన ఫలానావాళ్లేనని గట్టిగా నమ్మింది. వాళ్ల పేరే తాను ఎన్నడూ వినలేదని ఆస్టెన్ ఆ పక్కన రాసుకుంది.

మెచ్చుకున్నవాళ్లూ తక్కువ కాదు. మిసెస్ కేజ్ అనే బంధువర్గంలోని స్త్రీ, తనకు రోజంతా హైబరీలోనే గడుస్తున్నట్టు, కొత్త పరిచయస్తులు దొరికినట్టు ఉందని రాసింది. మిస్ బిగ్ రెండోసారి చదివాక మిస్ బేట్స్‌ను ముందుకన్నా ఎక్కువ ఇష్టపడింది. ఒకసారికీ మరోసారికీ అభిప్రాయం మారడం ఈ నవల స్వభావాన్ని పట్టిస్తుంది. జేన్ ఫెయిర్‌ఫాక్స్ రహస్య నిశ్చితార్థం తెలిశాక మళ్లీ మొదటి నుంచి చదివితే, మిస్ బేట్స్ మాటల ప్రవాహంలోనే ఆధారాలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. ‘ఎడిన్‌బరో రివ్యూ’ సంపాదకుడు ఫ్రాన్సిస్ జెఫ్రీ ఈ నవల వల్ల మూడు రాత్రులు నిద్రకు దూరమయ్యాడన్న కబురు కూడా పట్టికలో చేరింది. దాని పక్కనే, నవల బాగాలేదని విని మొదటి, చివరి అధ్యాయాలు మాత్రమే చదివిన ఫౌల్ పేరూ, ఫానీ చెప్పడానికే వెనకాడినంత చెడ్డ అభిప్రాయం వెలిబుచ్చిన మరో పెద్దమనిషి పేరూ ఉన్నాయి.

పట్టికలో ఆస్టెన్ దాదాపు ఎక్కడా వాదించలేదు. పొగడ్తను పెంచలేదు, తెగడ్తను తగ్గించలేదు. ఆమె జవాబు వేరే రూపంలో వచ్చింది. 1816 ప్రాంతంలో ఆమె ‘ప్లాన్ ఆఫ్ ఎ నావల్’ పేరుతో ఒక చిన్న రచన చేసింది. తప్పు చేయని నాయిక, ఆదర్శ పాదిరి తండ్రి, నమ్మశక్యం కాని ఆపదలు కలిపి, తనకు సలహాలిచ్చినవాళ్లంతా కోరిన నవల ఎలా ఉంటుందో అందులో వర్ణించి, ఏ సలహా ఎవరిదో అంచుల్లో పేర్లు వేసింది. పాదిరి జీవితం మీద నవల రాయమన్న క్లార్క్, కథానాయికను భరించలేకపోయిన ఫానీ ఇద్దరూ అందులో ఉన్నారు. పాఠకుల మాట వినడం, రాసే పద్ధతిని వాళ్లకు అప్పగించకపోవడం ఆమెకు రెండూ తెలుసు.

పత్రికల్లో ‘ఎమ్మా’కు సమీక్షలు వచ్చాయి కానీ చాలావరకు చిన్నవే, హాని లేని వినోదమని మెచ్చుకుని ఊరుకున్నాయి. వాటిలో పెద్దది ‘క్వార్టర్లీ రివ్యూ’లో పేరు లేకుండా వచ్చింది. రాసింది వాల్టర్ స్కాట్, 1816 మార్చిలో వెలువడింది. అసంభవమైన సంఘటనల మీద బతికిన పాత నవలల స్థానంలో రోజువారీ జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపే కొత్త రకం నవల వచ్చిందని ఆయన గుర్తించాడు. ఎమ్మా తండ్రి, మిస్ బేట్స్ వంటివాళ్ల సంభాషణ సాగిన కొద్దీ విసుగు పుట్టిస్తుందని కూడా అన్నాడు. సమీక్ష చదివిన ఆస్టెన్, ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ ఊసే ఎత్తలేదని ఏప్రిల్ 1న మర్రేకు రాసిన ఉత్తరంలో విచారించింది. నాటి ప్రసిద్ధ నవలాకారిణి మరియా ఎడ్జ్‌వర్త్‌కు ఆస్టెన్ తరఫున ఒక ప్రతి వెళ్లింది. ఆమె మొదటి సంపుటం దాటలేదు, ఇందులో కథే లేదని తేల్చింది. మేరీ రసెల్ మిట్‌ఫర్డ్ మాత్రం ఆస్టెన్ నవలలన్నిటిలోకీ ఇదే మేలైనదని భావించింది.

అమ్మకాల లెక్క కూడా ఇలాగే మిశ్రమంగా ఉంది. 2,000 ప్రతులు అచ్చు వేస్తే పది నెలల్లో 1,248 అమ్ముడయ్యాయి. మిగిలినవాటిలో 539 ప్రతులను 1820లో రెండేసి షిల్లింగులకు వదిలించుకోవాల్సి వచ్చింది. అచ్చు ఖర్చు, నష్టభయం రచయిత్రివే అనే ఒప్పందం మీద నవల వెలువడింది కాబట్టి, ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ రెండో ముద్రణ నష్టం ‘ఎమ్మా’ లాభంలోంచి పోయింది. 1817 ఫిబ్రవరిలో ఆమె చేతికి వచ్చింది 38 పౌండ్ల 18 షిల్లింగులు. అదే ఏడాది జులై 18న ఆమె కన్నుమూసింది. ఫిలడెల్ఫియాలో 1816లోనే ఒక ముద్రణ, పారిస్‌లో ఫ్రెంచి అనువాదం వచ్చినా, ఇంగ్లండులో తిరిగి అచ్చయింది 1833లో రిచర్డ్ బెంట్లీ చవక మాలికలోనే.

తరువాతి పాఠకులు ఆ పాత తగవునే కొత్త మాటల్లో కొనసాగించారు. జాన్ హెన్రీ న్యూమన్ 1837లో నాయిక మీద తనకు దయ కలుగుతుందని రాస్తూనే, చర్య అంతా చిన్నచిన్న విషయాల్లో వృథా అయిందన్నాడు. 1850లో షార్లట్ బ్రాంటీ, పైపై మర్యాదను చక్కగా చిత్రించిన ఈ రచయిత్రికి తీవ్రమైన ఉద్వేగాలు తెలియవని ఒక ఉత్తరంలో పేర్కొంది. తాను తప్ప ఎవరూ పెద్దగా ఇష్టపడని నాయికను తీసుకోబోతున్నానని ఆస్టెన్ ముందే అన్నట్టు ఆమె అన్న కొడుకు రాసిన జీవితచరిత్ర ద్వారా లోకానికి తెలిసింది. 1917లో రెజినాల్డ్ ఫారర్ ఆస్టెన్ నవలలన్నిటి మీదా దీన్ని నిలబెట్టాడు. 1961లో వేన్ బూత్ ‘ది రెటరిక్ ఆఫ్ ఫిక్షన్’లో, కథను చాలావరకు ఎమ్మా కళ్లతోనే చూపించడం వల్ల ఆమె తప్పులు తెలిసినా పాఠకుల సానుభూతి ఆమెకే దక్కుతుందని విశ్లేషించాడు. కథ 1995లో అమెరికా పాఠశాల నేపథ్యంతో ‘క్లూలెస్’ సినిమాగా, 2010లో ఢిల్లీ నేపథ్యంతో హిందీలో ‘ఆయిషా’గా మారింది.

ఆస్టెన్ రాసిన అభిప్రాయాల ప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ‘ప్లాన్ ఆఫ్ ఎ నావల్’ న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీకి చేరింది. ఈ రెండిటినీ ఆర్.డబ్ల్యూ. చాప్‌మన్ 1926లో ఒకే పుస్తకంగా ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువరించాడు. కథ తక్కువన్న ఫిర్యాదు, నాయిక నచ్చదన్న ఫిర్యాదు, సహజత్వానికి దక్కిన మెప్పు, రెండోసారి చదివితే పెరిగే ఇష్టం ఇవన్నీ ఆ కాగితాల్లో నవల వచ్చిన కొద్ది కాలానికే కనిపిస్తాయి. ‘ఎమ్మా’ మీద తరువాత సాగిన విమర్శలో ముఖ్యమైన ప్రశ్నలను మొదట లేవనెత్తింది పత్రికలు కాదు. సంపుటాలను అరువు తెచ్చుకుని, పొయ్యి ముందు కూర్చుని చదివి, నచ్చిందీ నచ్చనిదీ మొహమాటం లేకుండా చెప్పిన ఇంటి పాఠకులే.