రుమాలు వేసిన సీటు

మా చిన్నతనంలో బస్సులో సీటు పట్టుకోవడం ఒక విద్య. వేసవి సెలవులకు గుడివాడ నుంచి అవనిగడ్డ, మా అమ్మమ్మగారింటికి వెళ్ళాలంటే, బస్సు స్టాండులోకి వస్తూండగానే మా బాబాయి వెంటపడి పరుగెత్తి కిటికీలోంచి రుమాలు వేసేవాడు. రుమాలు పడ్డ సీటు మనది! ఒకసారి ఆ తోపులాటలో రుమాలు ఎక్కింది గాని మేం ఎక్కలేకపోయాం. అది హాయిగా దివిసీమ వెళ్ళిపోయింది. చంకలో తమ్ముడితో మా అమ్మ తర్వాతి బస్సు దాకా నిలబడే ఉంది.

మొన్న మా అమ్మాయి బందరులో, మా ఇంట్లో మంచం మీద పడుకునే బెంగుళూరు బస్సుకు రుమాలు వేసేసింది. ఫోనులో సీట్ల వరసలన్నీ బొమ్మ గీసినట్టు కనిపిస్తున్నాయి. "అమ్మా, పక్క సీటు కూడా ఆడవాళ్ళదే" అంది. నా దిగులు సగం తీరింది. ఈ కొత్త రుమాలు ఎవరి చలవా అని ఆరా తీస్తే, మన తెలుగువాడే!

నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ పిలానీలో ఇంజనీరింగు చదివి బెంగుళూరులో ఉద్యోగం చేస్తుండేవాడు. 2005 దీపావళికి ఇంటికి వెళ్దామని ఏజంట్ల చుట్టూ తిరిగితే టిక్కెట్టు దొరకలేదు. మనమైతే నాలుగు తిట్టుకుని ఊరుకుంటాం. అతను మాత్రం, ఎక్కడో ఓ బస్సులో సీటు ఖాళీగానే ఉండివుంటుంది, ఆ సంగతి ఈ ఏజంటుకు తెలియదంతే అనుకున్నాడు. లోటు బస్సులకు కాదు, కబురుకు!

సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు అనే మిత్రులతో కలిసి ప్రయాణికులనూ, ఏజంట్లనూ, బస్సు యజమానులనూ స్వయంగా కలిశాడు. బస్సుల వాళ్ళ కోసం సాఫ్ట్‌వేర్ రాస్తామంటే వాళ్ళు ఆసక్తి చూపలేదు. సరే, టిక్కెట్లు మేమే అమ్మి చూపిస్తామని 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. 2013లో దాన్ని ఐబిబో సంస్థ కొనుక్కుంది. ఆ తర్వాత ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వంలో ప్రధాన ఇన్నోవేషన్ అధికారిగా పనిచేశాడు.

ఇది చదువుతుంటే మన కృష్ణా జిల్లా బస్సుల పాత తగాదా గుర్తొచ్చింది. ప్రైవేటు బస్సులను ఆర్టీసీకి అప్పగించాలని 1957లో ప్రభుత్వం తలపెట్టింది. యజమానుల అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, తీర్పు చెప్పింది ముఖ్యమంత్రి. గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారూ, తోటి యజమానులూ సుప్రీంకోర్టుకెక్కారు. ఒకరు విని మరొకరు తీర్పు చెబితే అది విచారణే కాదని 1958 నవంబరులో కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విని మళ్ళీ అలాగే తీర్పిస్తే, 1959లో అది నిలబడింది. బస్సులు దక్కలేదు గాని, వాళ్ళ పేరు న్యాయశాస్త్ర పుస్తకాల్లో నిలిచిపోయింది.

ఫణీంద్ర చేసిందీ అదే కదూ? తానే విన్నాడు, తానే నిర్ణయించాడు.

మరి మన ఇళ్ళల్లో? పిల్లల గోడు వినేది అమ్మ, తీర్పు చెప్పేది నాన్న! బెంగుళూరు ఉద్యోగం ఎందుకు కావాలో మా అమ్మాయి వారం రోజులు రాత్రిళ్ళు నాకు చెప్పుకుంది. వారేమో పేపరు మీంచి తలెత్తకుండానే "అంత దూరం వద్దు" అనేశారు. నేను సుప్రీంకోర్టు తీర్పు వినిపించాను. "మీరైనా వినండి, నన్నైనా తీర్పు చెప్పనివ్వండి" అన్నాను.

పేపరు మడిచి పక్కన పెట్టారు. తండ్రీ కూతుళ్ళు అర్ధరాత్రి దాకా మాట్లాడుకున్నారు.

ఆ మర్నాడే అమ్మాయి సీటు పట్టింది.