వృత్తి విద్యా ప్రవేశ దరఖాస్తు

వృత్తి విద్యా ప్రవేశ దరఖాస్తు అనగా ఇంజనీరింగు, ఫార్మసీ, వైద్యం, న్యాయశాస్త్రం, ఎం.బి.ఏ. వంటి కోర్సులలో చేరగోరే విద్యార్థి సమర్పించే వివరాలు, ధ్రువపత్రాలు, కళాశాలల ఐచ్ఛికాలు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇంజనీరింగు కన్వీనరు కోటా సీటుకు వ్యాసం, సిఫారసు లేఖ, ఇంటర్వ్యూ ఏవీ ఉండవు. ర్యాంకు, స్థానికత, రిజర్వేషను, ఐచ్ఛికాల క్రమం అనే నాలుగే సీటును నిర్ణయిస్తాయి. ర్యాంకు వచ్చిన తరువాత దానిని మార్చలేము. తక్కిన మూడూ దరఖాస్తును ఎంత జాగ్రత్తగా నింపామనే దాని మీద ఆధారపడి ఉంటాయి.

నేపథ్యం

విరాళాల పేరుతో సీట్లు అమ్ముకోవడాన్ని 1983 నాటి ఆంధ్ర ప్రదేశ్ విద్యాసంస్థల (ప్రవేశాల క్రమబద్ధీకరణ, క్యాపిటేషన్ ఫీజు నిషేధ) చట్టం నిషేధించింది. 1986 నుండి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంసెట్ పరీక్షను నిర్వహించింది. 2017 నుండి వైద్య ప్రవేశాలు నీట్ ద్వారా జరుగుతున్నాయి. 2021లో పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారింది. జనం నోట మాత్రం అది నేటికీ ఎంసెట్టే. ఇంజనీరింగు విభాగంలో 160 ప్రశ్నలు ఉంటాయి: గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. ర్యాంకు లెక్కలో ఈ పరీక్షకు 75 శాతం, ఇంటర్ మార్కులకు 25 శాతం ప్రాధాన్యం ఉన్నది. కోవిడ్ కాలంలో ఆపివేసిన ఇంటర్ వెయిటేజిని 2023లో పునరుద్ధరించారు.

స్థానికత

రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలో ఉన్నది. అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసే నాలుగేళ్ళు వరుసగా ఒకే ప్రాంతంలో చదివినవారు అక్కడ స్థానికులు. అది కుదరనప్పుడు ఏడేళ్ళ చదువును లెక్కలోకి తీసుకొని, ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి స్థానికులుగా పరిగణిస్తారు. ఆరవ తరగతి నుండి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు అడగడానికి కారణం ఇదే.

ఒక ఉదాహరణ: గోపాలపట్నంలో పదవ తరగతి వరకు చదివిన విద్యార్థి ఇంటర్ కోసం నెల్లూరు వెళ్ళాడనుకుందాం. నెల్లూరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనిది. కనుక చివరి నాలుగేళ్ళు రెండుగా చీలిపోతాయి. ఏడేళ్ళ లెక్కలో మాత్రం ఐదేళ్ళు ఇక్కడివే కాబట్టి అతడు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంత స్థానికుడే. అదే విద్యార్థి విజయవాడలోనో గుంటూరులోనో చదివి ఉంటే ఈ చిక్కే లేదు, అవి కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనివే.

విశాఖలో నావికాదళం, రైల్వే, ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువ. తండ్రి బదిలీ వలన తొమ్మిది, పది తరగతులు కొచ్చిలో చదివి వచ్చిన పిల్లలకు పై లెక్కలేవీ కుదరవు. అటువంటివారు మిగిలిన 15 శాతం సీట్లకు అర్హులు కాగలరు. తల్లి లేదా తండ్రి రాష్ట్రంలో పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ లేదా ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగి అని యజమాని ఇచ్చిన పత్రం గాని, పదేళ్ళ నివాసానికి తహసీల్దారు పత్రం గాని ఇందుకు కావాలి. సైనికోద్యోగుల పిల్లలకు వేరుగా 2 శాతం కోటా కలదు. ఉమ్మడి రాష్ట్రపు ప్రవేశ విధానం పదేళ్ళ గడువు 2024 జూన్ 2న ముగిసింది కనుక పాత సంవత్సరాల వివరణ పుస్తకాలను నమ్మరాదు.

ధ్రువపత్రాలు

పదవ తరగతి మార్కుల జాబితాలో పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఎలా ఉన్నాయో దరఖాస్తులోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, మార్కుల జాబితాలో పొడి అక్షరంగా ఉండటం మనవారిలో సర్వసాధారణం. దీనిని పరీక్షకు ముందే సరిచేయించుకోవడం మంచిది. కుల, ఆదాయ, ఇ.డబ్ల్యు.ఎస్. పత్రాలు ఫలితాల తరువాత తీసుకుందాములే అనుకుంటే కౌన్సెలింగు తేదీలు ఆగవు. గోపాలపట్నం వారికి మర్రిపాలెం దాటితే వచ్చే కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్ చిరకాలంగా సహాయ కేంద్రంగా ఉంటున్నది.

ఐచ్ఛికాల క్రమం

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. పూర్వం అభ్యర్థి స్వయంగా కౌన్సెలింగు కేంద్రానికి వెళ్ళి, అప్పటికి మిగిలిన సీట్లను చూసి ఎంచుకొనేవాడు. వెబ్ పద్ధతిలో ఏమి మిగులుతుందో తెలియకుండానే క్రమం ఇవ్వాలి. యంత్రం ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరి జాబితాను పైనుండి చూసి, ఖాళీ ఉన్న మొదటి ఐచ్ఛికాన్ని కేటాయిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాల మొదట పెట్టి అది రాకపోతే, రెండవ స్థానంలోని గాయత్రీ విద్యా పరిషత్ కళాశాలలో అవకాశం ఏమాత్రం తగ్గదు. "రాదులే" అని మంచి కళాశాలను కిందకు నెట్టినవారు, అందులో తమకంటే వెనుక ర్యాంకువారు చేరడం చూడవలసి వస్తుంది. కోరిక ప్రకారమే వరుస పెట్టాలి. నిరుటి చివరి ర్యాంకులు జాబితా ఎంత పొడవుండాలో తెలుసుకోవడానికి పనికివస్తాయి, వరుస నిర్ణయించడానికి కాదు.

రెండవ విడతలో ఇంకొక జాగ్రత్త అవసరం. కొత్త సీటు వస్తే పాత సీటు దానంతటదే రద్దవుతుంది, తిరిగి రాదు. కనుక చేతిలో ఉన్నదానికంటె నిజంగా మేలైనవే ఆ విడతలో ఇవ్వాలి.

విదేశీ దరఖాస్తులు

అమెరికా విశ్వవిద్యాలయాల పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడ ఉద్దేశ్య వివరణ, సాధారణంగా మూడు సిఫారసు లేఖలు కోరుతారు. కన్సల్టెన్సీలు ఇచ్చే నమూనాను పేరు మార్చి పంపితే, అదే నమూనా మరి పదిమంది నుండి కూడా అందుతుంది. చేసిన ప్రాజెక్టు, అందులో ఎదురైన చిక్కు, చేరదలచిన విభాగంలో జరుగుతున్న పరిశోధన గురించి సొంత మాటలలో రాసిన రెండు పేజీలు అంతకంటె విలువైనవి. సిఫారసు లేఖ హోదాలో పెద్దవారి నుండి కాక, ప్రాజెక్టును దగ్గరుండి చూసిన అధ్యాపకుని నుండి తీసుకోవడం ఉచితం. ఆయనకు కనీసం నెల రోజుల వ్యవధి ఇవ్వాలి.